చిప్ప అతికింది, మోకాలు మాత్రం వంగనంటోంది

చీపురుపల్లి దగ్గర ఒక పల్లె నుంచి 43 ఏళ్ల ఆవిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు, వెయ్యను. ఇంటి అరుగు మీద మిషన్ పెట్టుకుని జాకెట్లు, స్కూలు యూనిఫారాలు కుడతారు. భర్త హైదరాబాద్‌లో బిల్డింగ్ పనుల్లో ఉంటారు. ఇంట్లో అత్తగారు, ఇంటర్ చదివే కూతురు. శ్రావణ మాసంలో, జాకెట్లకు ఊపిరాడనంత గిరాకీ ఉన్న రోజుల్లో, పాచి పట్టిన నూతి గట్టు మీద జారి కుడి మోకాలు నేరుగా రాతికి కొట్టుకునేలా పడ్డారు. మోకాలి చిప్ప అడ్డంగా రెండు ముక్కలైంది. నాలుగో రోజున విజయనగరంలో ఆపరేషన్ చేసి, రెండు కమ్ములు దించి, తీగ చుట్టారు.

ఇప్పటికి పదకొండు వారాలు. మొన్న ఎక్స్‌రే చూసి డాక్టరు ఎముక అతికిందన్నారట. కానీ మోకాలు 60 డిగ్రీలకు మించి వంగడం లేదు. ఇంకా ఇలాగే ఉంటే మత్తు ఇచ్చి వంచాల్సి రావచ్చు అని కూడా అన్నారట. అప్పటి నుంచి ఈవిడకు నిద్ర లేదు. అత్తగారేమో "కదపకే పిల్లా, అతుకు ఊడిపోతాది" అంటారు, మోకాలి కింద మెత్తటి దిండు పెడతారు, పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందని పథ్యం పెట్టారు. పక్కింటాయన తనకూ మోకాలే విరిగితే ఆకు కట్టుతో రెండు నెలల్లో నడిచానంటున్నాడు. ఆ కట్టు వేసిన పెద్దాయన నూనె రాసి మూడు విడతల్లో వంచేస్తానన్నాడట. మరిది ఇంకో దారి చెప్పాడు: "వంగకపోతే వంగకపోనీ వదినా, సదరం రాయించుకుంటే పింఛనొస్తుంది." సదరం అంటే వైకల్యం ఉందని ఇచ్చే సర్టిఫికెట్.

ఉత్తరం చివర్లో, చిన్న అక్షరాలతో, అసలు సంగతి రాశారు. ఐదో వారంలో వ్యాయామం చేస్తుంటే లోపల టక్‌మని శబ్దం వచ్చిందట. భయపడి ఆపేశారు. అప్పటి నుంచి ఏమీ చెయ్యలేదు. రివ్యూకి వెళ్లినప్పుడు మాత్రం "చేస్తున్నాను సార్" అని చెప్పారు. "నా కాలు ఇంతేనా మేడమ్? కట్టు ఆయన దగ్గరికెళ్లనా, మత్తు ఇప్పించుకోనా, ఉన్నదాంతో సర్దుకోనా? మాఘంలో పెళ్లిళ్ల పని పట్టుకోకపోతే మా అమ్మాయి ఫీజు కట్టలేను."

అమ్మా, ముందు ఆ చిన్న అక్షరాల దగ్గరికే వస్తాను. ఫిజియోథెరపిస్టుగా ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి మోకాళ్లను వంచడమే నా ఉద్యోగం. "చేస్తున్నాను మేడమ్" అన్నవాళ్లలో సగం మంది చెయ్యరని మాకు తెలుసు. తిడతారని భయం, డబ్బులు పోసి ఆపరేషన్ చేయించుకుని కూడా బద్ధకిస్తున్నావా అంటారని సిగ్గు. మీది బద్ధకం కాదు, భయం. ఆ తేడా డాక్టరుకు తెలియాలి కదా. ఇప్పుడు ఆయన లెక్క ఎలా ఉందో చూడండి: ఈవిడ పదకొండు వారాలు వ్యాయామం చేసింది, అయినా 60 దగ్గరే ఆగిపోయింది, అంటే లోపల గట్టిగా అతుక్కుపోయింది, కాబట్టి మత్తు ఇచ్చి వంచాలి. అసలు లెక్క వేరు: ఐదు వారాలు చేసింది, ఆరు వారాలు ఆపేసింది. చేసినా వంగని మోకాలికి వైద్యం ఒకటి, చెయ్యక వంగని మోకాలికి వైద్యం ఇంకొకటి. మీరు దాచిన ఒక్క మాట వల్ల మీకు అక్కర్లేని మత్తుమందు ఎక్కే అవకాశం ఉంది. రేపే ఫోన్ చెయ్యండి, లేకపోతే బస్సెక్కి వెళ్లి చెప్పండి. ఆయన కసురుకుంటే కసురుకోనివ్వండి, ఐదు నిమిషాలు.

ఇక ఆ టక్ శబ్దం. మీరు రాసినదాన్ని బట్టి ఆ తర్వాత కూడా కాలు నిటారుగా పైకి లేపగలుగుతున్నారు, ఉన్నట్టుండి వాపు రాలేదు, దాని తర్వాత తీసిన ఎక్స్‌రేలో ఎముక అతికే ఉంది. తీగ తెగి చిప్ప విడిపోయి ఉంటే ఈ మూడూ ఇలా ఉండవు. లోపల అంటుకున్న పొర కాస్త వీడినప్పుడూ, కీలు చాలా రోజుల తర్వాత కదిలినప్పుడూ శబ్దాలు వస్తాయి. అయినా ఈసారి రివ్యూలో ఆ సంగతి కూడా చెప్పి, తీగ, కమ్ములు ఎక్కడివక్కడే ఉన్నాయా అని ఎక్స్‌రేలో చూపించమని అడగండి. కళ్లతో చూస్తే మీ భయం సగం పోతుంది.

మీరు కుట్టుపని చేసే మనిషి కాబట్టి లోపల ఏమైందో మీ భాషలోనే చెబుతాను. తొడ ముందు భాగంలో పెద్ద కండరం ఉంటుంది. అది చిప్పను పట్టుకుని, చిప్ప కింది నుంచి కాలి ఎముకకు అందుకుంటుంది. కాలు చాచాలన్నా, మెట్టెక్కాలన్నా, కూర్చున్న చోటి నుంచి లేవాలన్నా ఆ లాగుడే. చిప్ప అడ్డంగా విరిగి ముక్కలు దూరమైతే ఆ కండరం పైముక్కను పైకి లాగేస్తుంది, కిందిది కిందే ఉండిపోతుంది. పైనుంచి ఎంత గట్టిగా కట్టు కట్టినా ఆ లాగుడు ఆగదు. అందుకే కమ్ములు, ఎనిమిది అంకె ఆకారంలో తీగ. ఆ తీగ గొప్పతనం ఏమిటంటే, మోకాలు వంగుతున్నప్పుడు వచ్చే లాగుడునే రెండు ముక్కల మధ్య నొక్కుడుగా మారుస్తుంది. అంటే డాక్టరు చెప్పిన మేరకు వంచడం ఆ అతుకుకు శత్రువు కాదు, అసలు ఆ కుట్టు వేసిందే త్వరగా వంచడానికి.

మరి పక్కింటాయన ఎలా నడిచాడు? ఆయన అబద్ధం ఆడుతున్నాడని నేను అనను. చిప్పలో పగులు వచ్చినా ముక్కలు కదలకుండా ఉండి, మనిషి కాలు నిటారుగా లేపగలిగితే, నాలుగు నుంచి ఆరు వారాలు కాలు చాపి కదలకుండా ఉంచితే అతుక్కుంటుంది. ఆసుపత్రిలో కూడా అలాంటివాటికి ఆపరేషన్ లేకుండా పిండికట్టో బెల్టో వేస్తారు. ఆయనది ఆ రకం అయి ఉంటుంది. ఆయన దెబ్బ, మీ దెబ్బ పేరుకే ఒకటి.

మీ ఎముక తన పని తను చేసింది. మిగిలింది ఎముక చుట్టూ ఉన్నది. జాకెట్ కాలర్‌కి బక్రం (లోపల వేసే గట్టి గుడ్డ) అతికించి ఇస్త్రీ చేస్తారు కదా, వేడిగా ఉన్నప్పుడైతే గోటితో లేస్తుంది, చల్లారి నాలుగు రోజులైతే గుడ్డే చిరగాలి. దెబ్బ తగిలి, కోసి, కుట్టిన కీలులో పొరలు అలాగే ఒకదానికొకటి అంటుకుంటాయి, కదపని ప్రతి వారం ఇంకాస్త గట్టిపడతాయి. మీరు ఇంకా ఆ మధ్య దశలో ఉన్నారు. చాలామందికి ఆరు వారాల దగ్గర 90 డిగ్రీలు వచ్చేలా చూస్తాం, ఆ లెక్కన మీరు వెనకబడ్డారు, దాచడం ఎందుకు. కానీ పదకొండో వారంలో మొదలుపెట్టి బాగా వంచుకున్నవాళ్లను చూశాను. ఎనిమిదో నెలలో వచ్చినవాళ్లతోనే కష్టం.

ఇప్పుడు మీ ముందున్న దారులు. మీరు మూడు రాశారు, నేను నాలుగోది కలుపుతున్నాను, అదే ముందు చెబుతాను.

డాక్టరుకు నిజం చెప్పి, నాలుగు నుంచి ఆరు వారాలు గడువు అడిగి, ఈసారి నిజంగా చెయ్యడం. ఖర్చు తక్కువ, నొప్పి ఉంది, రోజుకు కనీసం మూడు సార్లు అరగంట చొప్పున పోతుంది. ఫిజియోకి విజయనగరం రోజూ తిరగలేనని రాశారు. బస్సు మెట్టు ఎత్తు, ఛార్జీలు, ఫీజు అన్నీ కలిస్తే నిజమే, ఎవరికైనా భారమే. రోజూ అక్కర్లేదు. వారానికి ఒకటి రెండు సార్లు వెళ్లి నేర్చుకుని, మిగతాది ఇంట్లో చెయ్యండి. విజయనగరం సర్వజన ఆసుపత్రిలో ఫిజియోథెరపీ దొరుకుతుందేమో కూడా వెళ్లి అడగండి, అడగడానికి సిగ్గేమీ లేదు. ఇందులో ఫలితం ఎంత వస్తుందని ముందే అంకె చెప్పలేను, నెమ్మదిగా వస్తుంది, కొన్ని వారాలు అసలు రానట్టే ఉంటుంది.

ఇంట్లో చెయ్యాల్సినవి మీకు ఇప్పటికే చూపించి ఉంటారు, మీ డాక్టరు వద్దన్నది ఏదైనా ఉంటే ఆయన మాటే వినండి. మంచం మీద కాళ్లు చాపి, చుట్టిన తువ్వాలు మోకాలి కింద పెట్టి, తొడ బిగించి కిందకి నొక్కి ఐదారు అంకెలు లెక్కపెట్టి వదలడం. కాలు నిటారుగా లేపి ఆపడం. మడమ కింద ప్లాస్టిక్ కవర్ వేసుకుని, పాదానికి నూలు చీర ముక్క తగిలించి రెండు చేతులతో మెల్లగా మీ వైపు లాక్కోవడం, నొప్పి మొదలైన చోట అరనిమిషం ఆగడం. కుర్చీలో కూర్చుని ఎడమ కాలితో కుడి కాలి చీలమండను వెనక్కి కొంచెం కొంచెం నెట్టడం. మొదలుపెట్టే ముందు కాసేపు వేడి కాపడం, అయ్యాక గుడ్డలో చుట్టిన ఐసు. డాక్టరు రాసిన నొప్పి మాత్ర ఉంటే అరగంట ముందు వేసుకోండి, నొప్పి తట్టుకుని చేస్తే పుణ్యమేమీ రాదు.

ఎంత నొప్పి వరకు అని అందరూ అడుగుతారు. లాగుతున్నట్టు, బిగుసుకున్నట్టు ఉండి, ఆపిన గంటా రెండు గంటల్లో తగ్గిపోయేది పని జరుగుతున్న నొప్పి. మర్నాడు పొద్దుటికి కూడా ఉండి, మోకాలు వేడెక్కి వాచిందంటే ఎక్కువైంది, ఆ రోజు తగ్గించండి, మానెయ్యకండి. జ్వరం, కుట్ల దగ్గర ఎరుపు, చీము, లేదా ఉన్నట్టుండి కాలు లేపలేకపోవడం ఉంటే డాక్టరు దగ్గరికి అదే రోజు వెళ్లాలి. పిక్క గట్టిపడి వాచినా, దానితో ఆయాసం వచ్చినా రాత్రయినా ఆగకండి, రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు.

రెండో దారి, మత్తు ఇచ్చి వంచడం. దీని మీద మీకున్న భయం కొంత ఎక్కువ, కొంత తక్కువ. ఎక్కువ ఎందుకంటే అది కోత కాదు, మీకు తెలియకుండా కీలును వంచి అంటుకున్నవి విడదీస్తారు. తక్కువ ఎందుకంటే, ఎముక విరగడం, తీగ తెగడం, కండరం చిరగడం లాంటి ప్రమాదం అరుదుగానైనా ఉంది, అందుకే అతుకు గట్టిగా ఉందని తేల్చుకున్నాకే చేస్తారు. ఇంకో సంగతి చాలామంది అడగరు: ఆ రోజు వచ్చిన వంపు నిలబడాలంటే మర్నాటి నుంచే వ్యాయామం చెయ్యాలి, ఇప్పటికంటే ఎక్కువ. వ్యాయామం తప్పించుకోవడానికి మత్తు తీసుకుంటే నెల తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తారు. నాలుగైదు వారాలు నిజాయితీగా చేసి కూడా 60 దగ్గరే ఉండిపోతే మాత్రం, ఇది మంచి దారే, నాన్చకండి. ఆలస్యమైన కొద్దీ ఇది పని చెయ్యక, కెమెరా పెట్టి లోపలి పొరలు తియ్యడం లాంటి పెద్ద పనుల దాకా వెళ్లాల్సి వస్తుంది. మీ డాక్టరు మాట మీద అనుమానం ఉంటే ఎక్స్‌రేలు పట్టుకుని విశాఖ వెళ్లి ఇంకొకరిని అడగడం మీ హక్కు, ఆయన మీద కోపంతో చెయ్యాల్సిన పని కాదు.

మూడోది, కట్టు పెద్దాయన. దీనిలో నేను తటపటాయించను. ఆయన కూడా చేసేది వంచడమే. కానీ మత్తు లేకుండా, ఎక్స్‌రే చూడకుండా, మీరు అరుస్తుంటే ఇద్దరు పట్టుకుని. నొప్పికి మీ కండరం బిగుసుకుని ఎదురు లాగుతుంది, ఆయన కిందకి నొక్కుతాడు, మధ్యలో నలిగేది తీగ, అతుకు. లోపల చిరిగి రక్తం చేరితే అది మళ్లీ గట్టిపడి ముందున్న వంపు కూడా పోతుంది. పైపైన తొడకు నూనె రాయించుకుంటే హాయిగా ఉంటుంది, రాయించుకోండి, మోకాలిని మాత్రం ఆయన చేతికి ఇవ్వకండి.

వదిలేసి సర్దుకోవడం కూడా ఒక దారే, కాదనను. 60 డిగ్రీలతో చదును నేల మీద మెల్లగా నడవగలరు. కుర్చీలో సరిగ్గా కూర్చోవాలంటే 90 కావాలి, మెట్లకు కూడా దాదాపు అంతే కావాలి, గొంతుక్కూర్చోవాలంటే 130కి అటూ ఇటూ. మీ మిషన్ ముందు కూర్చుంటే కుడి కాలు చాపుకుని పక్కకు తిరిగి కుట్టాలి, నాలుగు నెలల్లో నడుము పట్టేస్తుంది. ఇక సదరం సంగతి. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉన్నట్టు డాక్టర్లు తేల్చితేనే పింఛను. వైద్యం ఇంకా నడుస్తున్న, మూడో నెలలో ఉన్న మోకాలును చూసి ఎవరు ఆ మాట అంటారు? మీ మరిది మంచికే చెప్పి ఉంటాడు, కానీ ఆ కాగితం మీద ఆశ పెట్టుకుంటే రోజూ తొడ బిగించేటప్పుడు మనసు వెనక్కి లాగుతుంది. అది నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

అత్తగారి దిండు ఈ రాత్రే తీసెయ్యండి. మోకాలి కింద దిండు హాయిగానే ఉంటుంది, కానీ కాలు కాస్త వంగిన చోటే బిగుసుకుపోయి పూర్తిగా చాపలేని స్థితి వస్తుంది, అది వంగకపోవడం కంటే నడకకు పెద్ద ఇబ్బంది. కావాలంటే దిండు మడమ కింద పెట్టుకోండి. పప్పు తింటే చీము పట్టదు. పోయిన కండ తిరిగి రావాలంటే పప్పు, గుడ్డు, చేప, పాలే కావాలి, చోడి (రాగి) అంబలి ఎలాగూ మనింట్లోదే, మునగాకు వేసిన పప్పయితే ఇంకా మంచిది. మీకు అడ్డపొగ (చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటు ఉందని రాయలేదు, ఉంటే మాత్రం ఈ కొన్ని నెలలైనా ఆపండి, పొగాకు అతుకును ఆలస్యం చేస్తుంది. (మా వీధిలో ఒక ముసలమ్మకు ఇది చెబితే నాతో వారం మాట్లాడలేదు.)

అత్తగారితో వాదించకండి. ఆవిడ కాలంలో విరిగిన కాలును కదపకుండా ఉంచడమే వైద్యం, ఆవిడ మీ మీద ప్రేమతోనే దిండు పెడుతోంది. రివ్యూకి ఆవిడను తీసుకెళ్లండి, డాక్టరు నోటితో, ఎక్స్‌రే చూపిస్తూ చెప్పించండి. కోడలు చెబితే ఎదురు మాట, డాక్టరు చెబితే వైద్యం. అప్పటికీ వినకపోతే మీ అమ్మాయి కాలేజీ నుంచి వచ్చాక తలుపేసుకుని చేసుకోండి, ఏం చేస్తాం. మీ ఆయనకు ఫోన్లో "బాగానే ఉంది" అని చెబుతున్నానని రాశారు. ఆయనకూ నిజం చెప్పండి. మత్తు దాకా వెళ్తే డబ్బు, మనిషి తోడు రెండూ కావాలి, అప్పుడు ఒక్కసారిగా చెబితే ఆయన కోపం మీకు ఇంకో నొప్పి.

పని ఆపి కూర్చోమని నేను చెప్పను. మిషన్‌కి మోటారు బిగించుకోండి, పెడల్ ఎడమ కాలి కింద పెట్టుకోండి, మొదటి రెండు రోజులు గుడ్డ పరిగెడుతుంది, తర్వాత అలవాటవుతుంది. ముప్పావు గంటకోసారి లేచి నాలుగు అడుగులు వెయ్యండి. మరుగుదొడ్డికి కమోడ్ కుర్చీ తెచ్చుకోండి, మెడికల్ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకోండి, మెట్లు ఎక్కేటప్పుడు ఎడమ కాలు ముందు, దిగేటప్పుడు కుడి కాలు ముందు. మోకాలి మీద చర్మం కింద కమ్మి కొన తగులుతోందని, దేవుడి ముందు మోకరిల్లలేకపోతున్నానని రాశారు. అది చాలామందికి ఉంటుంది, ప్రమాదం కాదు. ఎముక బాగా గట్టిపడ్డాక, సాధారణంగా ఏడాది దాటాక, బాధ ఎక్కువుంటే తీయించుకోవచ్చు, లేకపోతే ఉంచేసుకోవచ్చు.

మాఘం గురించి. కుర్చీ మిషన్ మీద కూర్చునే వంపు అప్పటికి రావచ్చు, నేల మీద బాసింపట్టు వేసుకుని గుడ్డ కత్తిరించడం మాత్రం అప్పటికి రాకపోవచ్చు. కత్తిరింపుకు ఎత్తయిన బల్ల ఒకటి చూసుకోండి. ఒప్పుకునే జాకెట్ల లెక్క సగానికి తగ్గించి చెప్పండి, ఇచ్చిన తేదీ తప్పితే పోయే పేరు మీకు నాకంటే బాగా తెలుసు. చిప్ప విరిగినవాళ్లు మళ్లీ మామూలు మనుషులు కావడానికి ఆరు నెలలు, కొందరికి ఏడాది కూడా పడుతుంది.

ఒక్క పని మాత్రం రేపే మొదలుపెట్టండి. గోడకు ఆనించి కుర్చీ వెయ్యండి, నడుము వెనక్కి ఆనించి కూర్చుని కుడి మడమను నేల మీద ఎంత వెనక్కి వెళ్తే అంత జరపండి. మడమ ఆగిన చోట సుద్దతో గీత గియ్యమని మీ అమ్మాయికి చెప్పండి. గోడ నుంచి ఆ గీతకు మీ టేపుతో కొలిచి, కేలండర్‌లో ఆ రోజు గడిలో రాయించండి. ఆ అంకె తగ్గుతూ రావాలి. చిప్పకు ఆరు అంగుళాల పైన రెండు తొడల చుట్టుకొలత కూడా తీసి పక్కన రాయండి, కుడిది ఎంత సన్నబడిందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఇది రోజూ వద్దు, వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున్నే. నాలుగో ఆదివారానికి అంకె ఎంత కదిలిందో చూసుకుని, ఎక్స్‌రే కవర్లో ఆ కేలండర్ కాగితం కూడా పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.